కార్ల ఫ్యాక్టరీలో సమ్మె: శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మన రెండు జిల్లాల నుంచి ఐటీఐ, డిప్లొమా చదివిన కుర్రాళ్లు ఏటా చెన్నై బండెక్కి కార్ల ప్లాంట్లున్న శ్రీపెరంబుదూర్, ఒరగడం వైపు వెళ్తున్నారు. టీవీలో "కార్ల ప్లాంటులో సమ్మె" అని కనిపించిందంటే ఇక్కడ ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. ఉద్యోగం ఉంటుందా, గొడవల్లో ఇరుక్కుంటాడా, ఈ నెల డబ్బు పంపగలడా అని. పిల్లల ఆఫర్ లెటర్లు చదివి వివరించే పనిలో నన్ను తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట పెట్టి, తెలిసినంత వివరంగా జవాబులు రాశాను. 2023లో అమెరికాలో జరిగిన సమ్మె గురించి కాస్త ఎక్కువే ఉంటుంది. సమ్మె ఖర్చు ఎవరు మోస్తారు, లాభం ఎవరికి దక్కుతుంది అనే లెక్క అందులో స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి.

మన దగ్గర కార్ల ఫ్యాక్టరీ ఒక్కటీ లేదు. ఈ సమ్మెలతో మనకేం పని?

మన దగ్గర ఉన్నవి పైడిభీమవరం మందుల కంపెనీలు, బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్స్, నెల్లిమర్ల జూట్. రాష్ట్రంలో పెద్ద కార్ల ప్లాంటు అంటే కియా. అది పెనుకొండ దగ్గర ఉంది, మనకు చెన్నై కంటే దగ్గరేమీ కాదు. అందుకే ఫిట్టరు, వెల్డరు, మోటార్ మెకానిక్ ట్రేడు చదివిన కుర్రాడు ఊరు విడవక తప్పడం లేదు. అతను పంపే డబ్బుతోనే ఇంటి అప్పు వాయిదా, చెల్లెలి కాలేజీ ఫీజు, నాన్న షుగర్ మందులు నడుస్తుంటాయి. ఒరగడంలో కార్లు బిగించే లైను ఆగిన నెలలో టెక్కలిలోనో చీపురుపల్లిలోనో ఒక ఇల్లు తడుముకోవాల్సి వస్తుంది. ఈ నష్టం ఏ పత్రికలోనూ, ఏ కంపెనీ నివేదికలోనూ లెక్కకు రాదు. ఈ పేజీ రాయడానికి ముఖ్య కారణం అదే.

సమ్మె, లాకౌట్, లేఆఫ్ ఒకటేనా?

కాదు. కార్మికులు కలిసి పని ఆపితే సమ్మె. యాజమాన్యం గేటు మూసి పనిలోకి రానివ్వకపోతే లాకౌట్. ముడిసరుకు లేదనో, విడిభాగాలు రాలేదనో, యంత్రం పాడైందనో కొన్నాళ్లు పని ఇవ్వలేకపోతే లేఆఫ్. మూడింటిలోనూ కుర్రాడు రూములోనే కూర్చుంటాడు. కానీ జీతం విషయంలో తేడా చాలా ఉంది. లేఆఫ్ అయితే, 50 మంది, అంతకు మించి ఉన్న ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు ఉండి, మస్టర్ రోల్‌లో పేరు ఉన్నవారికి మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో సగం చట్టప్రకారం రావాలి. సమ్మె అయితే ఆ రక్షణ లేదు. అందుకే "పని లేదు, రేపటి నుంచి రావద్దు" అని ఎవరైనా చెబితే, అది ఏ కారణం కింద రాసుకున్నారో అడిగి తెలుసుకోవాలి.

ఒక్క ప్లాంటులో కొన్ని వేల మంది పని ఆపితే అంత గగ్గోలు ఎందుకు?

స్క్రూలతో సహా లెక్కేస్తే ఒక కారులో సుమారు 30 వేల విడిభాగాలు ఉంటాయి. వాటిని కార్ల కంపెనీ నెలల తరబడి గోడౌన్లో నిల్వ పెట్టదు. ఏ పూటకు కావలసింది ఆ పూటకు తెప్పించుకుంటుంది. సీట్లనైతే లైను మీద ఏ వరసలో కార్లు వస్తున్నాయో అదే వరసలో లారీలోకి ఎక్కించి పంపిస్తారు. తెల్ల కారు తర్వాత ఎర్ర కారు ఉంటే, ఎర్ర కారు సీటు రెండోది. అందుకే సీట్ల ఫ్యాక్టరీ కార్ల ప్లాంటుకు దగ్గర్లోనే ఉంటుంది. ఈ పద్ధతి వల్ల కంపెనీకి గోడౌన్ ఖర్చు, వడ్డీ ఖర్చు తగ్గుతాయి.

దానికి మరో ముఖం కూడా ఉంది. కార్ల ప్లాంటు ఈ రోజు ఆగితే సీట్లవాడికి రేపే పని ఉండదు. వైరింగ్ కట్టేవాడికి, అద్దాలు పంపేవాడికి, అచ్చు పోసేవాడికి వరసగా అదే గతి. కార్ల కంపెనీ చేతిలో కొన్ని నెలలు తట్టుకునే డబ్బుంటుంది. నలభై మందితో రేకులు నొక్కి భాగాలు చేసే ప్రెస్ షాపు నడిపే చిన్న యజమానికి ఆ నెల బ్యాంకు వాయిదా కట్టడమే గండం. అతని దగ్గర పనిచేసే కుర్రాడికి సమ్మెలో ఓటు లేదు, సమ్మె గెలిస్తే వాటా లేదు, జీతం మాత్రం పోతుంది. మన జిల్లాల పిల్లలు చాలామంది పనిచేసేది పేరున్న కార్ల కంపెనీలో కాదు, దానికి సరుకు పంపే ఇలాంటి షెడ్లలోనే. ఇంటి దగ్గర మాత్రం పెద్ద కంపెనీ పేరే చెప్పుకుంటారు.

2023లో అమెరికాలో ఏం జరిగింది?

యునైటెడ్ ఆటో వర్కర్స్ అనే యూనియన్ ఫోర్డ్, జనరల్ మోటార్స్, జీప్ కార్లు చేసే స్టెల్లాంటిస్ కంపెనీల మీద ఒకేసారి సమ్మెకు దిగింది. మూడింటి మీదా ఒకేసారి దిగడం ఆ యూనియన్ చరిత్రలో అదే మొదలు. సెప్టెంబర్ 14 రాత్రితో పాత ఒప్పందం ముగిసింది, 15న సమ్మె మొదలైంది. మూడు కంపెనీల్లో కలిపి యూనియన్ సభ్యులు దాదాపు 1,46,000 మంది. కానీ మొదటి రోజు బయటికి వచ్చింది సుమారు 13 వేల మందే, మూడు ప్లాంట్ల నుంచి. మిగతావాళ్లు పని చేస్తూనే ఉన్నారు.

ఇక్కడే ఆ యూనియన్ తెలివి కనిపిస్తుంది. ఏ ప్లాంటును ఎప్పుడు ఆపుతారో కంపెనీలకు ముందుగా తెలియదు. చర్చల్లో కదలిక ఉంటే ఆ కంపెనీని వదిలేసి, కదలిక లేని కంపెనీలో ఇంకో ప్లాంటును పిలిచేవారు. అక్టోబర్ 11న ఫోర్డ్‌కు అత్యధిక రాబడి తెచ్చే కెంటకీ ట్రక్ ప్లాంటును ఉన్నట్టుండి ఆపారు. అందులో 8,700 మంది పనిచేస్తారు. అది జరిగిన రెండు వారాలకు, అక్టోబర్ 25న ఫోర్డ్ ఒప్పందానికి వచ్చింది. 28న స్టెల్లాంటిస్, 30న జనరల్ మోటార్స్ కూడా దారికొచ్చాయి. చివరికి సమ్మెలో ఉన్నవారి సంఖ్య 45 వేలు దాటింది.

2028 ఏప్రిల్ వరకు నడిచే ఆ ఒప్పందంలో మూలవేతనం మొత్తం 25 శాతం పెరుగుతుంది, అందులో 11 శాతం వెంటనే. ధరలతో పాటు పెరిగే కరువు భత్యాన్ని కంపెనీలు కష్టాల్లో ఉన్న 2009లో కార్మికులు వదులుకున్నారు, అది మళ్లీ వచ్చింది. పూర్తి జీతానికి చేరడానికి ఎనిమిదేళ్లు పట్టేది మూడేళ్లయింది. తాత్కాలిక కార్మికుల జీతాలు బాగా పెరిగాయి, వారిలో కొంతమంది పర్మినెంట్ కూడా అయ్యారు. నా దృష్టిలో మన పిల్లలకు సంబంధించినంతవరకు ఇదే అన్నిటికంటే పెద్ద విషయం. పర్మినెంట్ వాళ్ల ఓట్లతో నడిచే యూనియన్ తాత్కాలికుల కోసం పట్టుబట్టి సాధించింది.

అడిగినవన్నీ రాలేదు. 40 శాతం పెంపు, వారానికి 32 గంటల పని అడిగారు. అవి దక్కలేదు. జనరల్ మోటార్స్‌లో ఒప్పందానికి అనుకూలంగా ఓటేసింది సుమారు 55 శాతం మందే.

ఆరు వారాలు జీతం లేకుండా ఎలా గడిపారు?

యూనియన్ దగ్గర 82.5 కోట్ల డాలర్ల సమ్మె నిధి ఉంది. ఏళ్ల తరబడి సభ్యుల చందా నుంచి పక్కన పెట్టినది. అందులోంచి సమ్మెలో ఉన్న ఒక్కొక్కరికి వారానికి 500 డాలర్లు ఇచ్చారు. అది వాళ్ల జీతంలో సగం కూడా కాదు, కానీ బియ్యానికి, అద్దెకు ఆసరా. అందరినీ ఒకేసారి బయటికి పిలవకపోవడానికి ఇది కూడా కారణం. 13 వేల మందికి ఇస్తే నిధి చాలాకాలం వస్తుంది, లక్షన్నర మందికి ఇస్తే మూడు నెలల లోపే ఖాళీ అవుతుంది.

మన దేశంలో ఇలాంటి నిధి ఉన్న యూనియన్లు చాలా అరుదు. ఇక్కడ సమ్మె నిధి అంటే భార్య మెడలోని గొలుసు, కిరాణా కొట్టులో అరువు, ఊళ్లో అన్నయ్య పంపే డబ్బు. నెల్లిమర్లలో జూట్ మిల్లు గేటు మూసిన రోజులు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మిల్లు మూతపడిన పది రోజులకు బజారు మూగబోయేది. 1994లో అక్కడ మిల్లు కార్మికుల ఆందోళన మీద పోలీసులు కాల్పులు జరిపితే కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. మన ప్రాంతానికి పారిశ్రామిక పోరాటం కొత్త కాదు, అది పెట్టిన దుఃఖమూ కొత్త కాదు.

ఆ సమ్మెలో మొత్తం నష్టం ఎంత? ఎవరిది?

అండర్సన్ ఎకనామిక్ గ్రూప్ అనే సంస్థ అంచనా ప్రకారం అన్నీ కలిపి 1,000 కోట్ల డాలర్లు దాటింది. అందులో కంపెనీల నష్టం, కార్మికుల జీతాలు, విడిభాగాల సరఫరాదారులు, డీలర్లు అందరూ ఉన్నారు. జనరల్ మోటార్స్ తన నష్టం 110 కోట్ల డాలర్లని చెప్పింది, ఫోర్డ్ 170 కోట్లని చెప్పింది. కొత్త ఒప్పందం వల్ల 2028 నాటికి ఒక్కో బండి మీద కూలి ఖర్చు సుమారు 900 డాలర్లు పెరుగుతుందని కూడా ఫోర్డ్ ప్రకటించింది.

సమ్మె చేయనివాళ్లు కూడా దెబ్బతిన్నారు. మొదటి రోజే ఫోర్డ్ మిషిగన్ ప్లాంటులో సమ్మెలో లేని సుమారు 600 మందిని కంపెనీ ఇంటికి పంపింది. పెయింటింగ్ విభాగం సమ్మెలో ఉంది కాబట్టి బాడీ తయారు చేసి ప్రయోజనం లేదన్నది కంపెనీ మాట.

లాభం సంగతికొస్తే, సమ్మె చేయనివాళ్లకు అదీ అందింది. యూనియన్ లేని టయోటా, హోండా, హ్యుందాయ్ అమెరికా ప్లాంట్లు వారాల్లోనే జీతాలు పెంచాయి. పెంచకపోతే తమ కార్మికులు కూడా యూనియన్‌లో చేరతారన్న భయం అందులో ఉంది. ఆ భయం ఊరికే కలిగింది కాదు. 2024 ఏప్రిల్‌లో టెనెస్సీలోని ఫోక్స్‌వ్యాగన్ కార్మికులు యూనియన్‌కు ఓటేశారు. మరుసటి నెలలో అలబామా మెర్సిడెస్ ప్లాంటులో మాత్రం యూనియన్ ఓడిపోయింది.

అమెరికా అధ్యక్షుడే సమ్మె దగ్గరికి వెళ్లాడంటారు. నిజమా?

నిజం. 2023 సెప్టెంబర్ 26న జో బైడెన్ మిషిగన్‌లో సమ్మె చేస్తున్నవారి మధ్యకు వెళ్లి నిలబడ్డాడు. పదవిలో ఉన్న అధ్యక్షుడు అలా చేయడం అదే మొదటిసారి. మరుసటి రోజే డొనాల్డ్ ట్రంప్ అదే రాష్ట్రంలో, యూనియన్ లేని ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో మాట్లాడాడు. ఎలక్ట్రిక్ కార్లు వస్తే మీ ఉద్యోగాలు పోతాయన్నది అతని వాదన.

ఇద్దరూ ఎందుకు పరిగెత్తారు? మిషిగన్ ఎటు మొగ్గుతుందో తెలియని రాష్ట్రం. కార్ల కార్మికులు, వాళ్ల కుటుంబాలు, రిటైరైనవాళ్లు అక్కడ ఓటర్లు. తర్వాత యూనియన్ నాయకత్వం బైడెన్‌కు, ఆయన తప్పుకున్నాక కమలా హారిస్‌కు మద్దతు ప్రకటించింది. అయినా 2024 నవంబర్‌లో మిషిగన్‌లో ట్రంప్ గెలిచాడు. సమ్మెకు మద్దతిస్తే ఓట్లు వాటంతట అవే వస్తాయనుకోవడం పొరపాటు. జీతం విషయంలో యూనియన్ మాట వినే కార్మికుడు ఓటు విషయంలో వినకపోవచ్చు.

మరి మన పిల్లల కోసం ఏ నాయకుడూ అలా ఎందుకు రాడు?

నాకు అన్నిటికంటే బాధ కలిగించే ప్రశ్న ఇది. దీని మీద కొంచెం ఎక్కువ చెప్తాను.

2024 సెప్టెంబర్ 9న శ్రీపెరంబుదూర్ దగ్గర శామ్‌సంగ్ ప్లాంటులో వెయ్యిమందికి పైగా సమ్మెకు దిగారు. అది కార్ల ప్లాంటు కాదు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు చేసేది. కానీ కార్ల ప్లాంట్లున్న వరసలోనే ఉంది. ముఖ్యమైన డిమాండ్ తమ యూనియన్‌ను గుర్తించమనే. 37 రోజులు నడిచింది. పోలీసులు టెంట్లు తీయించారు, అరెస్టులు జరిగాయి. అప్పుడు అక్కడ అధికారంలో ఉన్న డీఎంకేకు వామపక్షాలు మిత్రపక్షాలుగా ఉండేవి. సమ్మె వెనక ఉన్నది సీపీఎం అనుబంధ కార్మిక సంఘం సీఐటీయూ. మిత్రపక్షాలే విమర్శించేసరికి ప్రభుత్వం ఇరుకున పడి, మంత్రులను చర్చలకు పంపింది. అక్టోబర్ మధ్యలో సమ్మె ముగిసింది. యూనియన్ రిజిస్ట్రేషన్ మద్రాసు హైకోర్టు దాకా వెళ్లి, 2025 జనవరిలో జరిగింది. అక్కడి కార్మికులు అక్కడి ఓటర్లు కాబట్టే ఆ పార్టీలకు పట్టింది.

మన పిల్లాడి ఓటు పాతపట్నంలోనో, రాజాంలోనో, గజపతినగరంలోనో ఉంటుంది. అతని జీతం, పని గంటలు, గేటు దగ్గర నిలబడే పోలీసు మాత్రం తమిళనాడు ప్రభుత్వం చేతిలో ఉంటాయి. అక్కడి ఎమ్మెల్యేకు అతను ఓటరు కాదు. ఇక్కడి ఎమ్మెల్యే చేతిలో అక్కడి లేబర్ ఆఫీసు లేదు. 2024 మే 13న ఓటేయడానికి ఎంతమంది పిల్లలు రైళ్లలో నిలబడి ఊరొచ్చారో మనమంతా చూశాం. ఓటు మీద అంత శ్రద్ధ ఉన్నవాళ్లు తమ బతుకుతెరువు విషయంలో మాత్రం ఎవరికీ లెక్కలోకి రారు. మిషిగన్ కార్మికుడికి ఉన్నదీ మనవాడికి లేనిదీ ధైర్యం కాదు. పనిచేసే చోట ఓటు.

నివాసం మారితే ఫారం 8 పెట్టి ఓటును అక్కడికి మార్చుకోవచ్చు. కాంట్రాక్టర్ ఇచ్చిన రూములో ఎనిమిది మందితో ఉండేవాడికి చిరునామా రుజువు దొరకడమే కష్టం. ఊరి ఓటు పోతే ఇక్కడి పథకాలు పోతాయన్న భయం ఇంకొకటి. కాబట్టి వాళ్లని తప్పుపట్టలేం. మన ఎంపీలు, మన కార్మిక శాఖ ఆ రాష్ట్రంతో మాట్లాడి, మన పిల్లలెంతమంది ఎక్కడ ఎవరి కింద పనిచేస్తున్నారో ఒక జాబితా అయినా తయారు చేయించాలి. వలస కార్మికులను వేరే రాష్ట్రానికి తీసుకెళ్లే కాంట్రాక్టర్ల మీద 1979లోనే చట్టం వచ్చింది, 2025 నవంబర్ నుంచి దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ ఉంది. చట్టం ఉన్నా మన మండలాల్లో దాని పేరు విన్నవాళ్లు తక్కువ.

మానేసర్‌లో ఒకాయన చనిపోయాడు కదా. సమ్మె అంటే అలాగే అవుతుందా?

అవ్వదు. కానీ మానేసర్ గురించి తెలుసుకోవాలి, ఎందుకంటే ఆ ఘటనలో ఓడిపోనివాళ్లు లేరు.

హర్యానాలోని మారుతీ సుజుకీ మానేసర్ ప్లాంటులో 2011 అంతా గొడవలే. తమకంటూ వేరే యూనియన్ కావాలని కార్మికులు జూన్‌లో 13 రోజులు పని ఆపారు. ఆగస్టు చివర్లో, సత్ప్రవర్తన పత్రం మీద సంతకం పెడితేనే లోపలికి రానిస్తామని యాజమాన్యం గేటు దగ్గర ఆపింది. నెలకు పైగా అది నడిచింది. లైను మీద నిమిషం తిరిగేలోపు ఒక కారు దాటిపోయేది, టీ తాగడానికి ఏడెనిమిది నిమిషాలే. ఒక్కరోజు సెలవు పెడితే ఇన్సెంటివ్‌లో పెద్ద కోత. పక్కపక్కనే ఒకే పని చేసే పర్మినెంట్‌కూ, కాంట్రాక్టు కుర్రాడికీ జీతంలో బోలెడంత తేడా.

2012 జూలై 18న ప్లాంటులో హింస జరిగింది, మంటలు పెట్టారు, హెచ్ఆర్ విభాగం పెద్ద అధికారి ఒకాయన చనిపోయారు. నెలరోజులు ప్లాంటు మూతపడింది. 546 మంది పర్మినెంట్ కార్మికులను తీసేశారు. 148 మంది మీద విచారణ జరిగింది. 2017 మార్చిలో కోర్టు 31 మందిని దోషులుగా తేల్చి, వారిలో 13 మందికి యావజ్జీవం వేసింది. మిగతా 117 మందిని నిర్దోషులని వదిలేసింది. ఆ నిర్దోషుల్లో చాలామంది అప్పటికే ఏళ్ల తరబడి జైల్లో గడిపారు. ఒక కుటుంబం తన మనిషిని పోగొట్టుకుంది. ఆ తర్వాత ప్లాంటులో జీతాలు బాగా పెరిగాయి, కానీ తీసేసినవాళ్లు ఆ పెంపు చూడలేదు.

మన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. గుంపులో ఎవరో రాయి విసిరిన క్షణం నుంచి అది సమ్మె కాదు. అక్కడ నిలబడిన ప్రతివాడి పేరూ ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కొచ్చు. వెంటనే పక్కకు వచ్చేయాలి.

మా బాబు కాంట్రాక్టు మీద ఉన్నాడు. అతనికి సమ్మె చేసే హక్కు ఉందా?

ముందు అతను నిజంగా ఏమిటో చూడాలి. ఆఫర్ లెటర్ తీసి పైన ఎవరి పేరుందో చదవండి. చాలా లెటర్లలో కార్ల కంపెనీ పేరు ఎక్కడో మధ్యలో "పని స్థలం" దగ్గర మాత్రమే ఉంటుంది. పైన, కింద, ముద్రలో ఉండేది మనుషులను సరఫరా చేసే ఏజెన్సీ పేరు. అతని యజమాని ఆ ఏజెన్సీయే. నేను చూసిన ఒక లెటర్లో మొదటి పేజీ మీద "ట్రెయినీ" అనీ, మూడో పేజీలో "అప్రెంటిస్" అనీ, జీతం పట్టికలో "స్టైపెండ్" అనీ ఉంది. కుర్రాడేమో తనకు పర్మినెంట్ ఉద్యోగం వచ్చిందని ఊళ్లో స్వీట్లు పంచాడు.

అప్రెంటిస్ చట్టం కింద ఉన్నవాణ్ని చట్టం కార్మికుడిగా చూడదు, నేర్చుకునేవాడిగానే చూస్తుంది. కార్మిక చట్టాల రక్షణ అతనికి దాదాపు ఉండదు. అతను సమ్మెలో పాల్గొంటే శిక్షణ ఒప్పందం రద్దయ్యే ప్రమాదం ఉంది. ఏజెన్సీ కాంట్రాక్టు కార్మికుడైతే కార్మికుడే, యూనియన్‌లో చేరొచ్చు. కానీ ఏజెన్సీ అతన్ని "ఇంకో చోటికి మారుస్తున్నాం" అన్న ఒక్క ముక్కతో పక్కన పెట్టగలదు. నిర్ణీత కాలం ఉద్యోగమైతే గడువు ముగిశాక పొడిగించకపోతే చాలు, తీసేశామని కూడా చెప్పనక్కర్లేదు. నిర్ణీత కాలం వాళ్లకు ఏడాది నిండితే గ్రాట్యుటీ వస్తుందన్నది కొత్త చట్టంలోని మంచి.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏ ఫ్యాక్టరీలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. లేబర్ అధికారి ముందు రాజీ చర్చలు నడుస్తుండగా సమ్మె చేయకూడదు. సగం మంది, అంతకు మించి ఒకేరోజు మూకుమ్మడిగా క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. చట్టవిరుద్ధ సమ్మెలో పాల్గొన్న కార్మికుడికి వెయ్యి నుంచి పదివేల వరకు జరిమానా, లేదా నెల వరకు జైలు, లేదా రెండూ. 300 మంది లోపు ఉన్న ఫ్యాక్టరీలో మనుషులను తీసేయడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు, ఇదివరకు ఆ సంఖ్య 100. వంద నుంచి మూడొందల మంది ఉన్న ఫ్యాక్టరీల్లో పనిచేసే మనవాళ్లను నేరుగా తాకేది ఈ చివరి మార్పే. దీని మీద మన దగ్గర జరగాల్సినంత చర్చ జరగలేదు.

సమ్మె రోజుల జీతం వస్తుందా?

సాధారణంగా రాదు. సమ్మె చట్టబద్ధమూ, న్యాయమూ అయితేనే ఆ రోజుల జీతం అడగొచ్చని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ రుజువు కావాలి. అది తేలడానికి ఏళ్లు పడుతుంది.

సమ్మెలు చేస్తే కంపెనీలు పారిపోతాయంటారు. మన జిల్లాకు వచ్చేవి కూడా రావేమో?

కొంత నిజం, ఎక్కువ భయం. ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నామని 2021 సెప్టెంబర్‌లో ప్రకటించింది. కారణం సమ్మెలు కావు. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందని కంపెనీయే చెప్పింది. మార్కెట్‌కు సరిపడే కార్లు అమ్మలేకపోయింది. చెన్నై ప్లాంటులో సమ్మె జరిగింది ఆ ప్రకటన తర్వాత, 2022 మే చివర్లో, మూసేటప్పుడు ఇచ్చే పరిహారం కోసం. అంటే ఇక్కడ సమ్మె వల్ల మూత పడలేదు, మూత వల్ల సమ్మె వచ్చింది. మానేసర్‌లో అంత జరిగినా మారుతీ హర్యానా వదల్లేదు. తర్వాత సుజుకీ గుజరాత్‌లో కొత్త ప్లాంటు కట్టింది, ఒక్క చోటే అన్నీ పెట్టకూడదన్న ఆలోచన అందులో ఉండి ఉండొచ్చు, కానీ పాత ప్లాంట్లు నడుస్తూనే ఉన్నాయి.

పెట్టుబడి పెట్టేవాడు రేవు, కరెంటు, నీళ్లు, భూమి, మనుషులు, పన్ను రాయితీ అన్నీ చూస్తాడు. కార్మికులు అణిగిమణిగి ఉంటారన్నది అందులో ఒక అంశమే. "మా దగ్గర గొడవలుండవు" అని చెప్పి ఫ్యాక్టరీలు తెచ్చుకోవాలని ప్రభుత్వాలు పోటీ పడుతున్నాయి. ఆ పోటీలో జిల్లాకు ఉద్యోగం వస్తుంది, ఉద్యోగికి జీతం పెరగదు. రెండూ కావాలని అడిగే హక్కు మనకుంది.

మేం కారు బుక్ చేశాం. సమ్మె వల్ల ఆలస్యమవుతుందా?

ఆ మోడల్ ఆ ప్లాంటులోనే తయారైతే, సమ్మె రెండు మూడు వారాలు దాటితే అవ్వొచ్చు. బుకింగ్ రసీదు మీద డెలివరీ తేదీ, ధర ఏ రోజుదో రాయించుకోండి.

సమ్మె మొదలైందని తెలిసింది. ఇంటి దగ్గర నుంచి మేం ఏం చేయాలి?

ముందు కాల్ చేసి "గేటు దగ్గరున్నావా, రూములో ఉన్నావా" అని అడగండి, "వెంటనే వచ్చేయ్" అని మాత్రం కంగారుపెట్టకండి. చెప్పకుండా వచ్చేస్తే కొన్ని ఏజెన్సీలు పని వదిలి వెళ్లిపోయాడని రాసుకుంటాయి. రావాల్సి వస్తే సూపర్‌వైజర్‌కు వాట్సాప్‌లోనైనా సెలవు మెసేజ్ పెట్టి, దాన్ని దాచుకోమనండి.

ఆఫర్ లెటర్, ఐడీ కార్డు రెండు వైపులా, గత ఆరు నెలల పే స్లిప్పులు, పీఎఫ్ యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ నంబరు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్. వీటన్నిటి ఫోటోలు ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా ఉండాలి. పీఎఫ్ నిజంగా జమ అవుతోందో లేదో ఉమంగ్ యాప్‌లో చూసుకోవచ్చు. పే స్లిప్‌లో కోసి, ఖాతాలో వేయని ఏజెన్సీలు ఉన్నాయి. ఇలాంటివి బయటపడేది పని ఆగినప్పుడే.

గేటు దగ్గర ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా, తమిళంలోనో ఇంగ్లిష్‌లోనో ఉండి అర్థం కాకపోతే, ఫోటో తీసుకుని చదివించుకున్నాకే పెట్టమనండి. ఖాళీ కాగితం మీద అసలే వద్దు. ఫోటో తీయనివ్వకపోతే "మా ఇంట్లో అడిగి రేపు పెడతాను" అని చెప్పి వచ్చేయమనండి. రూము ఏజెన్సీదైతే, పని ఆగిన వారంలో ఖాళీ చేయమనొచ్చు. అదే ఊళ్లో వేరే కంపెనీలో పనిచేసే మన ప్రాంతం కుర్రాళ్ల నంబర్లు రెండు మూడు ముందే ఇంట్లో రాసి పెట్టుకోండి.